గంగాధరరావుగారి గురి

గంగాధరరావుగారి మీద నాకు కోపం లేదంటే మీరు నమ్మరు. కాబట్టి ఉందనే మొదలుపెడతాను. బందరులో రైసుమిల్లు, మిల్లుకు తగిన పొట్ట, పొట్టకు తగిన పలుకుబడి ఉన్న ఈ పెద్దమనిషి నన్ను నిలువునా ముంచాడు. ఎలాగన్నది తర్వాత చెబుతాను.

కానీ నా ఏడుపు వేరు, లోకోపకారం వేరు. ఆయన పెట్టిన రైఫిల్ క్లబ్బును మాత్రం నేను నెత్తిన పెట్టుకుంటాను. అయ్యలారా, ఇవాళ దేశానికి అర్జంటుగా కావలసింది బియ్యం కాదు, బళ్ళు కాదు, డ్రెయినేజీ అసలే కాదు. రైఫిల్ షూటింగు!

నవ్వుతున్నారా? నవ్వండి. నేను థర్డ్ ఫారంతో చదువు మానేసినవాణ్ణి. నా మాటకు నవ్వడం మీ హక్కు.

ఆ మధ్య చైనావాడు హిమాలయాల మీదికి వచ్చాడు గదా. అందరూ రేడియో ముందు కూర్చుని కంగారుపడుతుంటే గంగాధరరావుగారు ఒక్కరే ముందుకు ఆలోచించారు. వాడు హిమాలయాలు దిగి, గోదావరి దాటి, గుడివాడలో రైలు తప్పిపోయి, పామర్రులో బస్సెక్కి బందరు వచ్చేస్తే? అప్పుడు ఆయన మిల్లుకు దిక్కెవరు? వెంటనే రైఫిల్ క్లబ్బు వెలిసింది. ప్రెసిడెంటు ఆయన. సెక్రటరీ రిటైరైన లెక్కల మేస్టారు రాధాకృష్ణమూర్తిగారు.

తుపాకులు వచ్చాయి. గుళ్ళు వచ్చాయి. కాల్చి నేర్చుకోవడానికి రేంజి ఎక్కడ?

మనది దివిసీమ దాకా అరచెయ్యిలాంటి నేల. తప్పిపోయిన గుండును ఆపడానికి ఒక్క గుట్ట కూడా లేదు. కనక టార్గెటు వెనక పెద్ద దిబ్బ పొయ్యాలి. దిబ్బకు మట్టి కావాలి. మట్టికి పొలం కావాలి. పొలానికి ఒక వెర్రివాడు కావాలి.

మంగినపూడి రోడ్డు పక్కన నాకొక పొలం చెక్క ఉండేది. మా నాన్న ఒకరి దగ్గర పాలేరుతనం చేసి, పొట్ట కట్టుకుని కొన్నది. నాకున్నది అదే.

"ఏమోయ్ సత్యానందం! మంచుకొండల్లో కుర్రాళ్ళు ప్రాణాలిస్తున్నారు. నువ్వు ఒక్క సార్వా పంట ఇవ్వలేవుటోయ్?" అన్నారు ప్రెసిడెంటుగారు నలుగురిలో.

నలుగురిలో అడిగితే ఏమంటాం? ఆ ఒక్క పంటకాలానికని పొలం ఇచ్చాను.

సరే, షూటింగు వల్ల లాభాలు చూడండి. మొదటిది ఆరోగ్యం. పెద్దమనుషులు బోర్లా పడుకుని చేసే వ్యాయామం ఇంకొకటి చూపించండి! ప్రెసిడెంటుగారు గోనెపట్టా మీద బోర్లా పడుకుంటే, పొట్ట మీద నావలాగా ముందుకూ వెనక్కూ ఊగేవారు. ముందుకు ఊగినప్పుడు పేలిస్తే గుండు నేలలోకి. వెనక్కి ఊగినప్పుడు పేలిస్తే ఆకాశంలోకి. మధ్యలో ఆగినప్పుడు పేలుద్దామని ఆయన ఎంతో పాటుపడ్డారు. నావ ఆగితేగా!

రెండోది, నేర్చుకోవడం బహు తేలిక. గురి కుదరాలంటే మూడే మూడు సూత్రాలట. ఊపిరి బిగబట్టాలి. ఒక కన్ను మూసుకోవాలి. ట్రిగ్గరు మీద వేలు మెత్తగా ఆనించాలి. మురిక్కాలవ పక్కన కాపురముండే బందరు వాళ్ళకు ఊపిరి బిగబట్టడం ఒకరు నేర్పాలా? పెద్దమనుషులకు కన్ను మూసుకోవడం ఒకరు నేర్పాలా? ఇక వేలంటారా, మిల్లులో ధాన్యం తూచేటప్పుడు కాటా మీద ఆనించే వేలు అది. అంతకన్నా మెత్తని వేలు ఈ జిల్లాలో ఉందా?

ఇన్ని అర్హతలుండీ ఆయన గుండు టార్గెటును మాత్రం తాకలేదు. ప్రొహిబిషన్ రోజుల్లో ఎవరి కంటా పడకుండా తాటిచెట్టు మీద దాచిన కల్లుముంతను తాకింది. పక్క చేను సీమోను గేదె మెడలో గంటను తాకింది. కొంగలు తెలివైనవి. వారం తిరక్కుండానే వచ్చి టార్గెటు బోర్డు మీద కూర్చోవడం మొదలుపెట్టాయి. చుట్టుపక్కల అంతకన్నా క్షేమమైన చోటు లేదని వాటికి తెలిసిపోయింది!

ఇప్పుడు మార్కర్ సంగతి చెప్పాలి. బోర్డు కింద గోతిలో ఒక మనిషి కూర్చుంటాడు. గుండు పేలగానే లేచి బోర్డు చూస్తాడు. నడిమధ్య నల్లచుక్కకు తగిలితే కర్రకు కట్టిన తెల్లరేకు చూపిస్తాడు. తప్పితే ఎర్రజెండా ఊపుతాడు. ఆ ఉద్యోగం మా బావమరిది మోషేకి నేనే ప్రెసిడెంటుగారిని అడిగి ఇప్పించాను.

మొదటిరోజు ప్రెసిడెంటుగారు పేల్చారు. మోషే ఎర్రజెండా ఊపాడు. ఆయన తుపాకీ పారేసి లేచారు.

"ఎవడ్రా వాడు? నా క్లబ్బులో, నా మొహానికెదురుగా ఎర్రజెండా ఊపుతాడా! మిల్లు గేటు దగ్గర సమ్మెలో ఊపింది చాలకనా?"

మోషేకి జ్ఞానోదయమైంది. ఆనాటి నుంచి మిల్లున్నవాళ్ళకు తెల్లరేకు, లేనివాళ్ళకు ఎర్రజెండా. పాతిక ఎకరాలు దాటినవాళ్ళకు ఒకసారి అదీ, ఒకసారి ఇదీ. మేస్టారు ప్రెసిడెంటుగారి విజయాలన్నీ మీటింగుల్లో చదివి వినిపించేవారు. బోర్డు మార్చే ఖర్చు కూడా లేదు. తగిలితే గదా మార్చడానికి!

సార్వా అయిపోయింది. ఇంకో సార్వా కూడా వచ్చేసింది. "అయ్యా, ఊడ్పులు దగ్గరపడ్డాయి, నా పొలం" అన్నాను.

ఆ రోజు క్లబ్బు చూడ్డానికి ఒక పెద్దాఫీసరు వచ్చి ఉన్నారు. ప్రెసిడెంటుగారు మీసం సవరించుకున్నారు.

"పొలం పొలం అంటావేమిటోయ్? పౌరుడన్నాక గురి నేర్చుకోవాలి. ఒక్క గుండు ఇస్తాను. నల్లచుక్క కొట్టు, పొలం తీసుకో. తప్పావో, క్లబ్బుకు రాసిచ్చెయ్యాలి. ఏం?"

ఆఫీసరుగారు చప్పట్లు కొట్టారు. నేను సరేనన్నాను. చిన్నప్పటి నుంచి మంచె మీద నిలబడి ఒడిసెలతో రాళ్ళు విసిరి పిట్టల్ని తోలినవాణ్ణి. యాభై గజాలు నాకొక లెక్కా?

పడుకున్నాను. ఊపిరి బిగబట్టాను. పేల్చాను.

గోతిలోంచి మోషే లేచాడు. బోర్డు చూశాడు. నన్ను చూశాడు. ప్రెసిడెంటుగారిని చూశాడు. ఎర్రజెండా ఊపాడు.

నేను పరిగెత్తాను. వెనకే అందరూ వచ్చారు. నల్లచుక్క నడిమధ్య చిల్లు! అంచులు ఇంకా తెల్లగా, పచ్చిగా ఉన్నాయి. బోర్డు మొత్తం మీద ఉన్నది ఆ ఒక్కటే.

"ఇదుగో! ఇది నా గుండే!" అన్నాను.

"నీదెలా అవుతుందోయ్?" అన్నారు లెక్కల మేస్టారు కళ్ళజోడు సర్దుకుని. "ప్రెసిడెంటుగారు ఏడాది పైగా నల్లచుక్క కొడుతూనే ఉన్నారు. మేమంతా చూశాం. మరి వారి చిల్లులేవి? ఉన్నది ఇదొక్కటేగా. అంటే వారి గుళ్ళన్నీ ఈ చిల్లులోంచే దూరాయన్నమాట!"

ఆఫీసరుగారు నోరు తెరిచారు. "ఒకే చిల్లులోంచా! మార్వలెస్!"

"ఏదో, సాధనండీ" అన్నారు ప్రెసిడెంటుగారు సిగ్గుపడుతూ.

"మరి నా గుండేదండీ?" అన్నాను.

"దిబ్బ మీదుగా సముద్రంలో పడి ఉంటుందిలే" అన్నారు మేస్టారు.

నేను మోషే జబ్బ పట్టుకున్నాను. "ఒరేయ్, పొద్దున బోర్డు నిలబెట్టింది నువ్వే గదా. అప్పుడు చిల్లుందిట్రా? నిజం చెప్పు!"

వాడు తల వంచుకుని చెవిలో చెప్పాడు. "లేదు బావా. లేదని అందరిముందూ చెబితే, మరి ఏడాదిగా తెల్లరేకు ఎందుకు చూపించావురా అని అడగరూ? పిల్లలున్నవాణ్ణి బావా."

దానికి జవాబు మీకు తెలిస్తే చెప్పండి. నేను వాడి జబ్బ వదిలేశాను.

ఇంటికెళ్ళేసరికి మా ఆవిడ ఎస్తేరు గుమ్మంలోనే నిలబడి ఉంది.

"తగిలిందా?"

"నడిమధ్య తగిలింది."

"దేవునికి స్తోత్రం! అయితే పొలం వచ్చినట్టేగా?"

"పోయింది."

ఆవిడ నా మొహంలోకి చూసింది. "ఎండలో పడుకున్నావేమో, లోపలికి రా" అంది.

ఆఫీసరు ముందు ఇచ్చిన మాట కదా, రాసిచ్చాను. క్లబ్బు ఆ తర్వాత ఎన్నాళ్ళో లేదు. చైనావాడు ఎప్పుడో వెనక్కిపోయాడు. ప్రెసిడెంటుగారికి బోర్లా పడుకుంటే ఆయాసం వస్తోందట. తుపాకులు వాపసు వెళ్ళాయి. క్లబ్బు ఆస్తి మాత్రం ప్రెసిడెంటుగారి సంరక్షణలో ఉంది. దిబ్బ చదును చేసి మిల్లు ఊక పోయిస్తున్నారు. కాపలా మోషే.

ఇంత జరిగినా షూటింగును నేనొక్క మాట అననండి. అది నిజంగా గొప్ప విద్య. పొట్ట అడ్డం వచ్చినా, నావ ఊగినా, గుళ్ళన్నీ సముద్రంలో పడినా, ఆయన మొదటిరోజు నుంచీ గురి పెట్టినదాన్ని చివరికి కొట్టారా లేదా? మీరూ నేర్చుకోండి. నేర్చుకునే ముందు, గోతిలో కూర్చున్నవాడికి కూలి ఎవరిస్తున్నారో కనుక్కోండి.

నాకు ఆ సంగతి తెలియడానికి అయిన ఫీజు, మంగినపూడి రోడ్డు పక్కన, కాలవ నీరు పారే మాగాణి, ఎకరం పదిహేడు సెంట్లు.