కోటు ఉన్నచోట కుళాయి

లుసాకా నగరంలోని చితుంగు కాంపౌండు అనే పేదల బస్తీలో ఇకపై ఇరవై నాలుగు గంటలూ కుళాయి నీళ్లు వస్తాయని ఉపమంత్రి ఆనరబుల్ చిపేతాగారు అక్టోబరు మొదటి సోమవారం ప్రకటించారు. ఆయన ఏ కుళాయి మీద చెయ్యి వేసి ప్రకటించారో, ఆ కుళాయికి అప్పటికి నాలుగు రోజులుగా నీళ్లు లేవు. ఆయన మాత్రం చలించలేదు. అలాంటి చిల్లర విషయాలకు చలించేవాళ్లయితే మంత్రులెలా అవుతారు?

"నేను చెబితే మీరు నమ్మరని నాకు తెలుసు," అన్నారాయన గొడుగు నీడలోంచి. "అందుకే సైన్సు చేత చెప్పిస్తాను. ఇదుగో, ఈ అమ్మాయి యూనివర్సిటీ విద్యార్థిని. మీ కుళాయిల మీద పరిశోధన చేసి, నేను చెప్పింది నిజమని నిరూపిస్తుంది."

పసుపు క్యాన్లతో క్యూలో నిలబడ్డ ఆడవాళ్లందరూ ఒక్కసారిగా చోల్వే వైపు తిరిగారు. పాపం, ఆ పిల్ల మోంజే అనే ఊరి నుంచి స్కాలర్‌షిప్ మీద వచ్చి ఎమ్మెస్సీ చదువుకుంటోంది. రోజుకు ఎన్ని గంటలు నీళ్లు వస్తున్నాయో, రానప్పుడు మరుగుదొడ్లు ఎలా కడుక్కుంటున్నారో రాసుకుని థీసిస్ ఇవ్వాలి. అంతే. ఎవరి మాటా నిరూపిస్తానని ఆమె ఎవరికీ మాటివ్వలేదు.

మర్నాడు పొద్దున ఆరింటికల్లా యూనివర్సిటీ వాళ్లిచ్చిన నారింజ రంగు చేతుల్లేని కోటు తొడుక్కుని, చేత్తో అట్ట పట్టుకుని కుళాయి దగ్గరికి వచ్చింది. కోటు వీపు మీద 'పరిశోధన' అని పెద్దక్షరాలు. కుళాయి చూసుకునే బనా ముసొండా ఆమెను ఎగాదిగా చూసింది. కొడుకు ముసొండా పుట్టినప్పటి నుంచి ఆవిడను అందరూ ముసొండా తల్లి అనే పిలుస్తున్నారు గనుక అసలు పేరు ఆవిడకే గుర్తులేదు.

"నీళ్లు లేవు, రాసుకో," అంది బనా ముసొండా. "నిన్న లేవు, మొన్న లేవు. కావాలంటే రేపటిది కూడా ఇప్పుడే రాసుకుని పో తల్లీ, ఎందుకు ఎండలో పడి..."

ఆ మాట పూర్తికాకుండానే కుళాయి రెండుసార్లు దగ్గి, బొళబొళమని నీళ్లు పోసింది.

మధ్యాహ్నం దాకా పోస్తూనే ఉంది. చోల్వే రాస్తూనే ఉంది. తీరా ఆమె మినీబస్సు కోసం వీధి మలుపు తిరగ్గానే కుళాయి ఆగిపోయింది.

ఇందులో మాయా మంత్రం ఏమీ లేదు. కాంపౌండులో వాల్వులు తిప్పే బా సకాలాగారు ముప్ఫై ఏళ్లుగా ఒక్కటే నియమం మీద ఉద్యోగం చేస్తున్నారు: కాగితం పట్టుకున్న మనిషి కంట పొడి కుళాయి పడకూడదు. ఈసారి పైనుంచి ఆర్డరు కూడా వచ్చింది, కోటు కనిపిస్తే తిప్పమని. ట్యాంకులో నీళ్లు ఒక వీధికే చాలుతాయి. అందుకని ఆయన బోర్లించిన బకెట్ మీద కూర్చుని, కోటు ఏ వీధిలోకి పోతే ఆ వీధి వాల్వు తిప్పుతూ, ఎంతో నిష్ఠగా కాలం గడుపుతున్నారు.

వారం తిరిగేసరికి సంగతి ఆడవాళ్లకు తెలిసిపోయింది. ఇంకేముంది, చోల్వే పంట పండింది.

"మా వీధికి రా తల్లీ! వేడివేడి వితుంబువా బూరెలు వేశాను."

"వితుంబువాకేం, ఊరంతా అమ్ముతారు! మా ఇంట్లో మొక్కజొన్న న్షిమా ముద్ద, కపెంటా చేపల పులుసు. నువ్వేం రాయక్కర్లేదు, ఊరికే కుర్చీలో కూర్చో చాలు."

"నిన్నంతా మీ వీధిలోనే కదే కూర్చుంది! మేం మనుషులం కాదా? మా దొడ్లు కంపుకొడుతున్నాయి!"

చోల్వే ఒక్కరోజే మూడుసార్లు భోజనం చేసింది. ఒకావిడ తన కూతురు పురుడు ఫలానా బుధవారం అనీ, ఆ రోజు పొద్దుటి నుంచీ తమ గుమ్మంలోనే పరిశోధన చెయ్యాలనీ మాట తీసుకుంది. బుధవారం మగపిల్లాడు పుట్టాడు. శుభ్రంగా స్నానం కూడా చేశాడు.

ఆ అట్ట మీది లెక్కలన్నీ చోల్వే డాక్టర్ సిలుమేసిగారికి చూపించింది. ఆయన ఆమె గైడు. కళ్లజోడు పెట్టుకుని ఒకసారి, తీసి ఒకసారి చూశారు.

"ఏ వీధిలో ఎప్పుడు చూసినా నీళ్లే. పొడి గంట ఒక్కటీ లేదు. ఏం చూసొచ్చావమ్మా, చితుంగా, స్వర్గమా?"

"నేను చూసింది అదే సార్."

"స్వర్గం మీద నేను సంతకం పెట్టను. మాకు ఇక్కడ డిపార్ట్‌మెంట్ దొడ్లోనే నీళ్లు లేవు. నెలాఖరుకు నిజం పట్టుకురా. లేకపోతే స్కాలర్‌షిప్ పోతుంది, మోంజే వెళ్లి మీ నాన్న మేకల్ని కాసుకో."

మేకలంటే చోల్వేకు ద్వేషమేం లేదు. కాని ఆరేళ్ల చదువు వాటి పాలు చెయ్యడం ఇష్టంలేదు. మర్నాడు కోటు మడిచి సంచిలో దాచి, చితెంగె బట్ట నడుముకు చుట్టుకుని, ఎవరికీ తెలియకుండా బకెట్ పట్టుకుని క్యూలో నిలబడింది. కుళాయి పొడిగా ఉంది. ఆమెకు ఏడుపొచ్చినంత ఆనందం వేసింది.

"హమ్మో హమ్మో!" బనా ముసొండా గుండెలు బాదుకుంది. "కోటేదే? నీ కోటేదీ?"

"మెల్లిగా అమ్మా! నాకు నీళ్లు రాకపోవడం కావాలి. లేకపోతే ఫెయిలైపోతాను."

"నీళ్లు రాకపోవడం కావాలా? చుట్టూ చూడవే పిచ్చిదానా, కావలసినంత ఉంది, తీసుకో! కాని మా నోట్లో మట్టికొట్టి పాసవుతావా? మూడు పూటలా నీకు న్షిమా పెట్టిన చేతులు కావూ ఇవి?"

చోల్వే తల వంచుకుంది. తిన్న న్షిమా గుర్తొచ్చింది, పుట్టిన పిల్లాడూ గుర్తొచ్చాడు. సిగ్గుతో చచ్చిపోయింది.

బనా ముసొండా ఆమెను చూసి కాసేపు గొణుక్కుంది. ఉన్నట్టుండి చెయ్యి చాపింది.

"ఇటియ్యి ఆ కోటు. సకాలా ముసలాడు మొహం చూస్తాడా, కోటు చూస్తాడు గాని. నేను తొడుక్కుని ఈ వీధిలో తిరుగుతాను. నువ్వు పక్క వీధికెళ్లి నీ ఎండిపోయిన కుళాయి తనివితీరా చూసుకో."

అలాగే జరిగింది. తొంభై కిలోల బనా ముసొండా మీద కోటు బొత్తాలు పడలేదు గాని, బా సకాలాగారు లేచి నిలబడి మరీ నమస్కారం చేసి వాల్వు తిప్పారు. రెండువారాల పాటు కోటు వంతులవారీగా వీధులన్నీ తిరిగింది. కోటున్న వీధిలో నీళ్లు. లేని వీధిలో చోల్వే.

డాక్టర్ సిలుమేసిగారు ఈసారి చదివి సంతకం పెట్టేశారు. చోల్వే పాసైంది. అయితే చివరి పేజీలో ఆ పిల్ల ఒళ్లు మండి ఒక వాక్యం రాసింది. 'మా పరిశీలన ప్రకారం చితుంగులో నీటి సరఫరాకు పంపు, పైపుల కంటే నారింజ కోటే ముఖ్యం.' మంత్రిగారు థీసిసులు చదవరని ధైర్యం. నిజమే, ఆయన చదవరు. చివరి పేజీ మాత్రం చదువుతారు.

"చూశారా!" అన్నారు ఆనరబుల్ చిపేతాగారు, నవంబరులో అదే గొడుగు కింద, అదే కుళాయి మీద చెయ్యి వేసి. "సైన్సు తేల్చింది. కొత్త పంపు కొందామనుకున్నాం, అక్కర్లేదట! ఆ డబ్బుతో ఇంటికో కోటు కుట్టించాను. నాలుగు వేల కోట్లు! ఇక మీ ఇంట నీళ్లే నీళ్లు!"

"సార్, నేను రాసింది ఆ అర్థంతో కాదు..." అని చోల్వే ముందుకొచ్చింది.

"సిగ్గుపడకమ్మా. గొప్పవాళ్లంతా ఇలాగే అంటారు," అని ఆయన ఆమె మెడలో దండ వేశారు. చప్పట్లు మోగాయి.

కాంపౌండు కాంపౌండంతా నారింజ రంగైపోయింది. ఎటు చూసినా కోట్లే కనపడేసరికి బా సకాలాగారు నియమం తప్పలేక పరుగుపరుగున అన్ని వాల్వులూ తిప్పేశారు. అరగంటలో ట్యాంకు ఖాళీ. మళ్లీ నిండాలంటే పంపు కావాలి. ఆయన బకెట్ మీద కూలబడితే, ఎవరో ఆయనకూ ఒక కోటు తొడిగిపోయారు.

వానలింకా పడలేదు. ఎర్రదుమ్ము. నాలుగు రోజులకు ఏ కోటు నారింజదో, ఏది మట్టిదో తెలియకుండా పోయింది. చదువు ముగించుకుని మోంజే బస్సెక్కే ముందు చోల్వే చెప్పి వెళదామని కుళాయి దగ్గరికొచ్చింది. బనా ముసొండా తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది చోల్వేకు. ఆవిడ తన కోటు విప్పి, మెడ దగ్గర లోపలివైపు కుట్టిన చిన్న గుడ్డపీలిక చూపించింది.

"నా కళ్లకు ఆనడం లేదు. నువ్వు పెద్ద చదువు చదివావు కదా తల్లీ, ఏం రాశారో చెప్పిపో."

చోల్వే దుమ్ము తుడిచి చదివింది.

"రోజూ పారే నీళ్లలో ఉతకవలెను."