స్కేలుగారి పరుగుదారి

నీటి సరఫరా ఆఫీసులో పైపుల నక్షాలు గీసే ఆయనను అందరూ స్కేలుగారు అనేవారు. పాతికేళ్ళలో ఆయన గీసిన గీత ఒక్కటీ వంకర పోలేదు. పొట్ట మాత్రం ముందుకు పోయింది. అందుకని ఒక సోమవారం తెల్లవారుతూనే కొత్త బూట్లు తొడుక్కుని, ఊరవతల మిట్టల మీదుగా మూడు కిలోమీటర్లు పరుగెత్తి, ఏడింటికల్లా ఇల్లు చేరాలని అనుకున్నాడు.

భార్య నర్సు. మాత్ర మింగానంటే నోరు తెరిపించి చూసే రకం. ముందురోజే ఆయన ఫోన్లో పరుగు కొలుస్తూ మధ్యమధ్య హుషారు మాటలు చెప్పే యాప్ ఒకటి పెట్టింది. ఎంత దూరం, ఏ దారి, ఎంతసేపు అన్నీ తన ఫోనుకు కూడా వచ్చేస్తాయి.

"నా మీద నమ్మకం లేదా?" అన్నాడాయన.

"ఉంది. పోయినేడు ఈతన్నప్పుడూ ఉంది, అంతకుముందు సైకిలన్నప్పుడూ ఉంది," అందావిడ.

ఇళ్ళు దాటాక దారి సముద్రపు అలలా లేస్తూ పడుతూ, పచ్చిక మిట్టల మధ్య పోతుంది. మొదటి మిట్ట కింద పాల వ్యాను ఒకటి ఆగి ఉంది. సరిగ్గా అక్కడికొచ్చేసరికి బూటు లేసు ఊడింది. స్కేలుగారు ఫోను తీసి వ్యాను వెనక చెక్క మీద, రెండు క్యాన్ల సందున పెట్టి వంగాడు. పొట్ట అడ్డం రావడంతో ముడి పడటానికి కాస్త సమయం పట్టింది. లేచి చూస్తే వ్యాను రెండో మిట్ట దాటుతోంది.

"ఏయ్! ఆగు! నా ఫోను!" అని అరుస్తూ రెండు వందల గజాలు పరుగెత్తాడు. ఆ ఉదయం ఆయన పరుగెత్తింది అంతే. ఆ తర్వాత కల్వర్టు మీద కూలబడ్డాడు.

యాభై నిమిషాలకు వ్యాను అవతలి మిట్ట మీంచి దిగింది. డ్రైవరు ఫోను చేతిలో పెడుతూ, "ఇది మీదేనాండీ? మిట్ట ఎక్కినప్పుడల్లా వెనకనుంచి ఎవరో ఆడమనిషి 'శభాష్, ఇంకొంచెం' అంటోంది. హడలి చచ్చాను," అన్నాడు.

ఇంటికొచ్చేసరికి భార్య గుమ్మంలోనే నిలబడి ఉంది. పదకొండు కిలోమీటర్లు, యాభై నిమిషాలు! స్కేలుగారు నిజం చెబుదామని "అది కాదే..." అని మొదలుపెట్టాడు.

"మాట్లాడకండి, ఆయాసం వస్తుంది," అందావిడ. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. "ఇరవై రెండేళ్ళకి మీరు అన్నమాట మీద నిలబడ్డం చూశాను. ఏమో అనుకున్నాను మిమ్మల్ని."

గొంతుదాకా వచ్చిన నిజం ఆ మాటతో మళ్ళీ కడుపులోకి జారిపోయింది. రేపు చెబుదాంలే అనుకున్నాడు. ఈలోపు ఆవిడ సంగతంతా తన తమ్ముడికి చెప్పేసింది. ఆ బావమరిది అదే ఆఫీసులో స్టోరు చూస్తాడు. స్టోర్లో సామాను నిలుస్తుందేమో కానీ అతని నోట్లో మాట నిలవదు. పదింటికల్లా ఇంజనీరమ్మ దాకా వెళ్ళింది.

ఇంజనీరమ్మ స్కేలుగారికి పై అధికారి, నిజంగానే రోజూ పరుగెత్తే మనిషి. స్కేలుగారి ఫోన్లో దారి చూసి ఆవిడ ముఖం విప్పారింది. "ఈ దారి నాకు తెలీనే తెలీదు! ఎత్తుపల్లాలు ఎంత బాగా పట్టారండీ! ఆదివారం మేమూ వస్తాం. మీరు ముందుండాలి."

"మోకాలు కాస్త..."

"ఎత్తులెక్కితే మోకాలికి మంచిది," అందావిడ.

అబద్ధం ఆడలేదు, నిజం చెప్పలేదు, అంతే కదా అని వారమంతా ఆయన తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. కానీ మోకాలి పేరు ఎత్తాక కుంటక తప్పలేదు. సాయంత్రం డ్యూటీ నుంచి అలిసి వచ్చి భార్య ఆ మోకాలికి నూనె రాసేది. ఆవిడ మెత్తగా నొక్కేకొద్దీ ఆయనకు మరెక్కడో కలుక్కుమనేది. తల ఎత్తి ఆవిడ ముఖం చూడలేక గోడ గడియారం వంక చూసేవాడు.

శనివారం పాల వ్యాను డ్రైవరును వెతుక్కుంటూ పోయాడు. "బాబ్బాబు, రేపు పొద్దున మేం నలుగురం ఆ దారిన పరుగెత్తుతాం. నువ్వు ఎదురొచ్చి నోరు జారావంటే నా పరువు గంగలో కలుస్తుంది. కాస్త అటు రాకు నాయనా," అని చేతులు పట్టుకున్నాడు.

ఓ గంట ఆలస్యంగా రమ్మని ఆయన ఉద్దేశం. డ్రైవరు మరోలా అర్థం చేసుకున్నాడు. నాలుగేళ్ళుగా రా రా అన్నవాళ్ళే తప్ప రాకు అన్న మహానుభావుడు అతనికి తగల్లేదు. "అంత పెద్దవారు అడిగాక కాదంటానా!" అని, ఆ సాయంత్రం బస్సుకే అత్తగారింటికి వెళ్ళిపోయాడు.

ఆదివారం పరుగు మొదలైంది. ముందు స్కేలుగారు, పక్కనే ఫోను చూస్తూ ఇంజనీరమ్మ, వెనక బావమరిది, ఆ వెనక స్కూటరు మీద నీళ్ళ సీసాలతో భార్య. కిలోమీటరు పోయాక ఫోన్లో గీత రోడ్డు దిగి ఒక రైతు వాకిట్లోకి పోయి, పశువుల కొట్టం చుట్టూ తిరిగి మళ్ళీ రోడ్డెక్కింది. నలుగురూ అలాగే తిరిగారు.

"ఇక్కడికెందుకొచ్చారు?" అంది ఇంజనీరమ్మ రొప్పకుండా.

"గాలి... బాగుంటుందని," అన్నాడాయన రొప్పుతూ. పేడకుప్ప మీంచి గాలి బాగానే వీచింది.

రెండో ఇంటి వాకిట్లోకీ గీత అలాగే మళ్ళింది. బావమరిది ఆగి, "బావా, నువ్వు పరుగెత్తావా, ఇళ్ళు అద్దెకి చూశావా?" అన్నాడు.

జవాబు వెతుక్కునే లోపే ఆ ఇంటి రైతమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని ఎదురొచ్చింది. ఆమె వెనక అరుగు మీద రెండు పాల క్యాన్లు ఉన్నాయి. "డ్రైవరు బదులు పాలకొచ్చింది మీరేనా? మరి వ్యానేదీ?"

"ఏ వ్యాను?" అంది ఇంజనీరమ్మ.

"పాల వ్యానమ్మా! ఇవాళ రానని ఇందాకే ఫోన్ చేశాడు. ఎవరో పెద్దమనిషి ఈ దారంట పరుగెత్తుతాడంట, నువ్వు రావద్దని చేతులు పట్టుకున్నాడంట. ఏడిళ్ళ పాలు. పది దాటితే విరిగిపోతాయి. ఒక మనిషి ఒళ్ళు తగ్గడానికి ఏడిళ్ళ పాలు పారబోసుకోవాలా? ఏం మనిషమ్మా, సిగ్గుండొద్దూ?"

ఇంజనీరమ్మ ఫోను వంక చూసింది, క్యాన్ల వంక చూసింది, స్కేలుగారి వంక చూసింది. భార్య స్కూటరు ఆపేసింది. గేదె కూడా నెమరు వేస్తూ ఆయన వంకే చూసింది. భూమి చీలితే బాగుండనిపించింది స్కేలుగారికి. అది చీలలేదు.

"ఆ పెద్దమనిషిని నేనే," అన్నాడు తల వంచుకుని. "సోమవారం వ్యాను మీద తిరిగింది నా ఫోను. నేను కల్వర్టు మీద కూర్చున్నాను."

భార్య ఆయన కాలి వంక చూసింది. "మోకాలు?"

"అదీ... లేదు."

"వారం రోజులు నూనె రాశాను."

"రాశావు."

ఆవిడ ముఖం పక్కకు తిప్పుకుంది. తిట్టినా బాగుండేది. స్కేలుగారు తల ఎత్తకుండానే వెళ్ళి ఒక క్యాను ఎత్తాడు. రైతమ్మ తోపుడుబండి ఇచ్చింది. ఇంజనీరమ్మ అక్కడికక్కడే పనులు పంచేసింది. వెనక వదిలి వచ్చిన మొదటి ఇంటి క్యాను స్కూటరు మీద వస్తుంది, బావమరిది బండి తోస్తాడు, స్కేలుగారు ముందుండి లాగుతాడు.

బండి లాగడం పెద్ద కష్టమనిపించలేదు ఆయనకు. ప్రతి వాకిట్లోనూ "వ్యానేదీ?" అని అడుగుతారు కదా, దానికి జవాబు చెప్పడం కష్టమైంది. మూడో ఇంట్లో చెప్పాడు. నాలుగో ఇంట్లో చెప్పాడు. ఐదో ఇంటికి ఆయన కన్నా ముందే కబురు చేరింది. అందరూ గేటు దగ్గరే నిలబడి, "మీరేనా?" అన్నారు. ఆరో ఇంటి ముసలాయన మొత్తం శ్రద్ధగా విని, "మా ముసలిదానికి వినబడలేదు, మళ్ళీ మొదట్నుంచి చెప్పు నాయనా," అన్నాడు. మళ్ళీ మొదట్నుంచి, గట్టిగా, 'శభాష్, ఇంకొంచెం'తో సహా చెప్పాడాయన.

మిట్టలు ఎక్కుతుంటే బండి వెనక్కి లాగింది, దిగుతుంటే ఆయన్నే తరిమింది. పదికి పది నిమిషాలుండగా పాలకేంద్రం చేరారు. అక్కడి మనిషి మూత తీసి, వాసన చూసి, "బాగున్నాయి," అన్నాడు. స్కేలుగారు అక్కడే, ఆ తడి గచ్చు మీదే కూర్చుండిపోయాడు.

ఇంటికొచ్చాక భార్య బేసిన్లో వేణ్ణీళ్ళు తెచ్చి, ఆయన బూట్లు విప్పింది. రెండు పాదాలా బొబ్బలు.

"ఇవైనా నిజమేనా?"

"చూసుకో."

ఆవిడ బొటనవేలితో ఒకదాన్ని నొక్కింది. ఆయన కెవ్వుమన్నాడు.

"నిజమే," అని ఆవిడ దూది తెచ్చి మందు అద్దడం మొదలుపెట్టింది. వారం రోజుల తర్వాత మొదటిసారి ఆయన తల ఎత్తి ఆవిడ ముఖం చూశాడు.

సోమవారం ఆఫీసు మెట్లు ఎక్కుతుంటే కాళ్ళ కన్నా ముఖమే ఎక్కువ బరువైంది. ఇంజనీరమ్మ పిలిచి ఒక కాగితం ముందుకు తోసింది. శిక్ష కాగితమే అనుకున్నాడు. ఏడిళ్ళవాళ్ళూ కలిసి రాసిన ఉత్తరం అది. తమ డ్రైవరుకు నాలుగేళ్ళుగా వారానికొక సెలవైనా లేదనీ, నిన్న వచ్చినవారు ఒక్క చుక్క ఒలకనివ్వలేదనీ, ఇకపై ప్రతి ఆదివారం వాళ్ళే వస్తే బాగుంటుందనీ ఉంది. కింద ఆరో ఇంటి ముసలాయన విడిగా రాశాడు: 'ఆ సంగతి చెప్పే ఆయన్ను తప్పక పంపగలరు. మా వియ్యాలవారు వస్తున్నారు.'

"సరేనని చెప్పేశాను," అంది ఇంజనీరమ్మ.

పాల వ్యాను డ్రైవరు ఇప్పుడు ఆదివారాలు తొమ్మిది దాకా నిద్ర లేవడం లేదట.