బుల్లయ్య తీసిన ఆరా

ఆ రోజు పొద్దున బుల్లయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. చద్దన్నం తినడం, రెండు బస్సులు మారి మార్టూరు చేరడం, అక్కడ నలుగురిని నాలుగు మాటలు అడగడం, పొద్దు గూకేలోగా ప్రత్తిపాడు తిరిగొచ్చి కల్లంలో మిరపకాయల మీద పట్టాలు కప్పడం. ఇందులో మొదటిదీ చివరిదీ అతనికి చేతనైన పనులే. మధ్యలో ఉన్న ఆ నాలుగు మాటలే గొంతులో చేపముల్లులా అడ్డుపడ్డాయి.

బుల్లయ్యకు మాట్లాడటమంటే విత్తనాలు దండగయ్యే చేను. మూడో తరగతితో బడి మానేసిందీ అందుకే. పంతులు రోజూ లేపి నిలబెట్టి ఎక్కాలు అప్పజెప్పమనేవాడు. ఒకసారి తన స్టేజీలో ఆపమని కండక్టరుకు చెప్పడానికి బద్ధకించి పెదనందిపాడు దాకా పోయి, అక్కణ్ణుంచి నడుచుకుంటూ వచ్చాడు. ఊళ్లో కొందరు దీన్ని గాంభీర్యం అంటారు. అది గాంభీర్యం కాదని ఒక్క బుల్లయ్యకే తెలుసు. నోరు విప్పితే ఎదుటివాడు మళ్లీ ఏదో అడుగుతాడన్న భయం.

చిన్న కూతురు బిందుమాధవికి సంబంధం కుదిరేలా ఉంది. మార్టూరులో రాళ్లు పాలిష్ పట్టే యూనిట్ ఉన్న సంజీవరావు కొడుకు లక్ష్మీకాంత్. పెళ్లిచూపులయ్యాయి. పిల్లకు పిల్లాడు నచ్చాడు, పిల్లాడికి పిల్ల నచ్చింది. ఇక మిగిలింది పెద్దలు ‘సరే’ అనడం. అనే ముందు ఆడపిల్ల తండ్రి వెళ్లి గుట్టుగా ఆరా తీసి రావాలి. అది రివాజు.

"పెద్దదానికి అడక్కుండానే చేశావు. చూస్తన్నావుగా!" అంది భార్య వెంకటేశ్వరమ్మ, గిన్నెలో మజ్జిగ పోస్తూ.

బుల్లయ్య చూశాడు. వసారాలో పెద్దల్లుడు యలమంద పాలవాణ్ణి కూర్చోబెట్టి అమెరికాతో అణు ఒప్పందం ఎందుకు మంచిదో చెబుతున్నాడు. పాలవాడు వచ్చి గంటయింది. ఇల్లరికపు అల్లుడు మంచివాడే, చెడలవాట్లేమీ లేవు. కాని నిద్రలో కూడా మాట్లాడతాడు. అప్పట్లో ఎవర్నైనా ఒక్కమాట అడిగి ఉంటే ఈ సంగతి తెలిసేది.

"టీకొట్టోణ్ణి అడుగు, ఇంటి పక్కోళ్లని అడుగు. తాగుడుందేమో ముందు కనుక్కో. గుట్టుగా అడుగయ్యా! వాళ్ల చెవిన పడిందా, సంబంధం గంగలో కలిసినట్టే. పిల్ల మనసు పడింది."

బుల్లయ్య తలూపి చేయి కడుక్కున్నాడు.

బస్టాండు పక్కనే బాషా నడిపే నెట్ సెంటరు ఉంది. బోర్డు మీద అతని భార్య పేరు సఫూరా అని ఉంటుంది. బాషా బుల్లయ్యను వరసకు మామా అని పిలుస్తాడు. బస్సు రాలేదు, ఎండ మాత్రం వచ్చింది. బుల్లయ్య నీడకని గుమ్మంలో నిలబడ్డాడు.

"ఎక్కడికి మావా?"

"మార్టూరు."

"ఏం పని?"

బుల్లయ్య రోడ్డు వంక చూశాడు. బాషా తెలివైనవాడు. చలవ చేసిన తెల్లపంచె చూశాడు, ఇంట్లో ఈడొచ్చిన పిల్ల సంగతి గుర్తు తెచ్చుకున్నాడు, మిగిలింది ఊహించాడు.

"ఆరా తీయటానికా? ఈ ఎండన బడి మార్టూరు ఎందుకు మావా? మార్టూరంతా ఇక్కడే ఉంటే!" అని కంప్యూటరు నెత్తిన తట్టాడు.

తర్వాత బాషా చెప్పినదంతా బుల్లయ్య కుర్చీలో కూర్చుని విన్నాడు. వినడంలో అతణ్ణి మించినవాడు ఆ మండలంలో లేడు.

"పొద్దున్నే వచ్చేది ఉద్యోగాలకి అప్లికేషన్లు పెట్టేవోళ్లు. తర్వాత కాలేజీ ఎగ్గొట్టిన బ్యాచి. నాలుగింటికి ఆడపిల్లలు, ఒక కుర్చీలో ముగ్గురు. ఇంతకుముందు అందరూ యాహూ చాటింగే. ఇప్పుడది కోసేసిన జొన్నచేను మావా, ఎవుడూ తొంగి చూడట్లా. అక్కడ ఎదుటోడు ఆడో మగో కూడా తెలిసి చచ్చేది కాదు. ఇప్పుడు జనమంతా ఆర్కుట్‌లో ఉన్నారు. ఇక్కడైతే పేరుంటది, ఫొటో ఉంటది, ఏ ఊరోడి గుంపు ఆ ఊరోడిది. మార్టూరోళ్లకీ ఒక గుంపుంది. యూనిట్లకి కరెంటు తీసేశారా, కుర్రోళ్లంతా నెట్ సెంటర్లోనే. జనరేటరు ఉంటదిగా! ఇప్పుడు రాసి పెట్టామంటే మధ్యానం కరెంటు కోతకి అందరూ చదివేస్తారు."

బుల్లయ్య ప్రాణం లేచొచ్చింది. నోరు తెరవకుండా ఊరంతటినీ అడగొచ్చు! ఇన్నాళ్లకు తనలాంటి వాడి కోసం ఒక మిషను కనిపెట్టారు.

బాషా అతని పేర ఒక ఖాతా తెరిచి, కంప్యూటరు పైనున్న కెమెరాతో ఫొటో తీశాడు. అందులో బుల్లయ్య మీసం, ముక్కురంధ్రాలు పడ్డాయి. తర్వాత లక్ష్మీకాంత్‌ను వెతికి పట్టుకున్నాడు. పక్కనే అతని స్నేహితులు వరసాగ్గా, మార్కెట్ యార్డులో పేర్చిన మిరప టిక్కీ బస్తాల్లా ఉన్నారు.

"ఒక్కొక్కడికీ రాద్దాం. పక్కింటి తలుపు కొట్టినట్టే. ఏమని కొట్టమంటావు?"

బుల్లయ్య చాలాసేపు ఆలోచించాడు. "తాగుతాడా?" అన్నాడు.

"అంతేనా? మొహాన గుద్దినట్టుంటది మావా. ముందు నమస్కారం పెడదాం."

"పెట్టు."

చివరికి తయారైంది ఇది: ‘నమస్కారం. నేను ప్రత్తిపాడు బుల్లయ్యను. మీ స్నేహితుడు లక్ష్మీకాంత్ తాగుతాడా? మా పిల్లనిద్దామనుకుంటున్నాము.’

భార్య చెప్పిన ‘గుట్టుగా’ అన్న మాట బుల్లయ్య నాలుక చివరిదాకా వచ్చింది. ఇది వాళ్లకు తప్ప ఇంకెవరికైనా కనపడుతుందా అని అడిగితే సరిపోయేది. కాని బాషా వేళ్లు అప్పటికే టకటకలాడుతున్నాయి. తెలిసినవాడు పని చేస్తుంటే అడ్డం మాట్లాడటం దేనికని ఆ మాటను మింగేశాడు. ఆ రాతలు ఎవరైనా వచ్చి చదువుకునేవేనని, అక్కడ అందరూ అలాగే రాసుకుంటారని బాషాకు తెలుసు. అడగనివాడికి చెప్పాలని అతనికి తోచలేదు. బుల్లయ్య బస్సు ఖర్చు మిగుల్చుకుని, బస్టాండులో మైసూరుపాకు తిని, మార్టూరు వెళ్లొచ్చినవాడిలా సాయంత్రం ఇంటికి చేరాడు.

"ఏమన్నారు?" అంది వెంకటేశ్వరమ్మ.

"రేపు తెలుస్తది."

మర్నాడు కల్లంలో పాలిపోయిన తాలుకాయలు ఏరుతుంటే వెనకింటి రాఘవమ్మ కొంగు నడుముకు దోపుకుని వచ్చింది.

"అన్నయ్యా, నీకు దణ్ణం పెడతా. మా మేనగోడలికి నరసరావుపేట సంబంధం ఒకటి చూశారు. ఆ పిల్లోడి సంగతి కూడా కంప్యూటర్లో కేకెయ్యి."

బుల్లయ్య చేతిలో మిరపకాయ జారింది. "కేకా?"

"కాక? నువ్వు నిన్న మార్టూరు పిల్లోణ్ణి అడిగింది మా వోడు నెట్ సెంటర్లో చూసి రాసుకొచ్చి నాకు చదివి వినిపించాడుగా. ఊరంతా చదివారు. నోట్లో నాలుక లేనోడివి అనుకున్నాం, ఎంత గట్టివాడివి అన్నయ్యా!"

ఆమె వెనకాల ఇంకో ఇద్దరు తల్లులు ఉన్నారు. ఆరబెట్టిన కాయల మీద నడుస్తూ ఒకరి మీద ఒకరు పడి చెబుతున్నారు. బుల్లయ్య కాయలు తొక్కవద్దని చెప్పాలనుకున్నాడు. చెప్పేలోపు తొక్కేశారు.

ఇంటికొచ్చేసరికి బిందుమాధవి కళ్లు మిరపపండులా ఉన్నాయి.

"ఏం పని నాన్నా అది? అక్కడ ఒకడికి రాస్తే అందరికీ కనపడద్ది. రచ్చబండెక్కి మైకులో అడిగినట్టు. వాళ్ల ఫ్రెండ్స్ ఏం రాశారో తెలుసా? ‘తాగుతాడు తాతా, మజ్జిగ’ అని ఒకడు. ‘పెళ్లంట, చెప్పలేదేందిరా, పార్టీ ఏదీ’ అని ఇంకొకడు. మీ ముక్కు ఫొటో కింద బొమ్మలు పెట్టి నవ్వుతున్నారు. ఆ అబ్బాయి నాకు నచ్చాడు నాన్నా. ఇంక వాళ్లు మన గడప తొక్కుతారా?"

ఒక్క మాట తిట్టి ఉంటే బుల్లయ్యకు తేలిగ్గా ఉండేది. ఆ పిల్ల తిట్టలేదు, లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

"మీరు కంగారు పడబాకండి మావయ్యా," అన్నాడు యలమంద. "నాలుగు మాటల్లో సర్దేసి వస్తా."

యలమంద నాలుగు మాటల్లో దేన్నీ సర్దలేడని బుల్లయ్యకు తెలుసు. వద్దని చెప్పడానికి నోరు తెరిచేలోపు అల్లుడు సైకిలెక్కాడు. బాషా దగ్గర కూర్చుని, బుల్లయ్య పేరుతోనే, అందరికీ మళ్లీ రాశాడు. లక్ష్మీకాంత్ తాగుతాడని తాము ఏనాడూ అనుకోలేదనీ, ఒకవేళ ఎవరైనా అన్నా నమ్మబోమనీ, కుర్రతనంలో ఎప్పుడైనా ఒక చుక్క పడినా పెళ్లయ్యాక మానేసినవాళ్లు చరిత్రలో ఎందరో ఉన్నారనీ, ఉదాహరణలతో సహా.

అప్పటిదాకా నవ్వుతున్న మార్టూరు ఆ దెబ్బతో అనుమానించడం మొదలుపెట్టింది. ‘ఎప్పుడు మానేశాడు?’ అని ఒకడు రాశాడు. ‘మానేశాడంటే అంతకుముందు తాగినట్టేగా’ అని మరొకడు తేల్చాడు. రెండో రోజుకు అక్కడి సంగతులు బాషా మోసుకొచ్చాడు. యూనిట్లో లక్ష్మీకాంత్ మంచినీళ్లు తాగినా పనివాళ్లు గ్లాసు వాసన చూస్తున్నారట. వాళ్ల నాయనమ్మ మనవడి నోరు తెరిపించి దీపం పెట్టి చూసిందట.

బుల్లయ్య కల్లంలోనే పడుకున్నాడు. అన్నం అక్కడికే తెప్పించుకున్నాడు. మార్టూరు వెళ్లి కాళ్లమీద పడదామా అనుకున్నాడు గాని, పడ్డాక ఏం మాట్లాడాలో తెలియలేదు.

ఆదివారం మిట్టమధ్యాహ్నం సంజీవరావే దిగాడు. బస్టాండులో బుల్లయ్య ఇల్లెక్కడని అడిగింది సరిగ్గా బాషానే. బాషా దారి చూపిస్తూ వచ్చాడు గాని, శిక్ష పడ్డవాడిలా నడిచాడు.

సంజీవరావు మంచం మీద కూర్చోలేదు. "బుల్లయ్యగారూ, పెళ్లిచూపులకి ముందే మీ ఊళ్లో నేనూ ఆరా తీయించానండి. పాలేరుని అడిగినా, పంచాయితీ మెంబర్ని అడిగినా ఒకటే మాట. ఆయన నోరు విప్పడండీ అన్నారు. అట్టాంటి మనిషి మా ఊరు మొత్తాన్నీ కేకేసి అడిగాడంటే నేను నమ్మను. ఎవుడో వెధవ మీ పేరు పెట్టుకుని చేశాడు. వాడెవడో చెప్పండి, వాడి చెయ్యి విరగ్గొట్టి పోతాను."

బాషా చెయ్యి లుంగీ మడతలోకి పోయింది. "నేనేనండీ," అన్నాడు సన్నగా. "ఏదో సరదాకి..."

వెంకటేశ్వరమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి మొగుడి వైపు చూసింది. ఊరుకో అని చెప్పడానికి ఆమెకు ఆ చూపు చాలు. తలుపు సందులో బిందుమాధవి ఉంది. ఊరుకుంటే సంబంధం నిలబడుతుంది. ఊరుకోవడం బుల్లయ్యకు వెన్నతో పెట్టిన విద్య. బాషాకు రెండు దెబ్బలు పడతాయి, అంతేగా. బుల్లయ్య ఊరుకోబోయాడు. నోరు మాత్రం తెరుచుకుంది.

"నేనే," అన్నాడు. "చెయ్యి వాడిది. మాట నాది."

సంజీవరావు బాషా చేతినీ, బుల్లయ్య మొహాన్నీ మార్చి మార్చి చూశాడు.

"పెద్దమ్మాయప్పుడు అడగలా. ఈసారన్నా అడుగుదామనుకున్నా. మనుషుల్ని అడగటం చేతగాక మిషన్ని అడిగా. అదట్టా అరుస్తదని నాకు తెలీదు. నా పిల్లండీ. అడక్కుండా ఎట్టా ఇస్తాను?"

అన్ని మాటలు ఒకేసారి బుల్లయ్య నోట రావడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. యలమంద కూడా నోరు మూసుకున్నాడు. పెద్దమ్మాయప్పుడు అడగనిది ఏమిటా అని ఆలోచిస్తున్నాడు.

సంజీవరావు అప్పుడు మంచం మీద కూలబడ్డాడు. "తేలిందా మరి? తాగుతాడంటనా?"

"తేలలా. అందరూ నవ్వేవాళ్లే."

"వాడు తాగడండీ," అన్నాడు సంజీవరావు. గొంతు తగ్గించి, వంటింటి వైపు ఒకసారి చూసుకుని, "నేను తాగుతాను" అన్నాడు.

బాషా లుంగీలోంచి చెయ్యి బయటికి తీశాడు.

"ఇన్నేళ్లూ మా ఆవిడకి తెలీదు. మీరు అడిగిన కాణ్ణుంచీ ఇల్లంతా సోదా. పిల్లోడి గది వెతికింది, ఏమీ దొరకలా. ఇంతదూరం వచ్చాను గదా అని బీరువా వెతికింది. నా పై అరలో కంబళి కింద దొరికింది." నుదుటి చెమట తుడుచుకున్నాడు. "ఆ వెధవ చెయ్యి విరగ్గొడదామని నా అంతట నేను వచ్చా. ఆమె పంపింది వేరే పనికి. ‘ఇన్నేళ్లకి ఈ ఇంటి గురించి అడగాల్సిన మాట అడిగిన మగాడు ఒక్కడు కనపడ్డాడు. ఆ ఇంటి పిల్లే నాకు కోడలు. ముహూర్తం పెట్టుకుని రా, పెట్టుకోకుండా గడప తొక్కబాక’ అంది."

తలుపు వెనకాల ఏదో స్టీలు గ్లాసు కిందపడి గుండ్రంగా దొర్లింది. వెంకటేశ్వరమ్మ బెల్లం డబ్బా కోసం లోపలికి పరిగెత్తింది.

"ఏమంటారు బావగారూ?" అన్నాడు సంజీవరావు.

బుల్లయ్య తలూపాడు.

పెళ్లి నాటికి ఆర్కుట్‌లో ‘బుల్లయ్య మావయ్యని అడగండి’ అని ఒక గుంపు పుట్టింది. బాపట్ల నుంచీ ఒంగోలు నుంచీ ఆడపడుచులు, అత్తలు, కాబోయే పెళ్లికూతుళ్లు చేరి, ఎవరెవరి సంగతో కనుక్కుని చెప్పమని రోజూ రాసేవాళ్లు. వాళ్లంతా విసుగుపుట్టి ఫేస్‌బుక్కుకు మారిపోయేదాకా బుల్లయ్య జవాబివ్వలేదు.