అడగనక్కర్లేదు

వేసవి సెలవుల మొదటి ఉదయం నొగామి హత్సుయే టీచర్ ఒక పని పెట్టుకుంది. మిసో పులుసు చల్లారేలోగా తన భిన్నాల పాఠాలు లోకానికి ఇచ్చెయ్యాలి. కేకు ముక్కలుగా కోసి చూపే ఆ బొమ్మలన్నీ ఏళ్ల తరబడి తన చేత్తో గీసుకున్నవి. భిన్నాలంటే ఏడ్చే పిల్లలు వాటిని చూసి ఏడుపు మానడం ఆమెకు తెలుసు. అలా ఏడ్చే పిల్లలు జపాన్‌లో ఈ మత్సుయే ఊళ్లో, ఆమె బళ్లోనే ఉన్నారా?

ఇంటర్నెట్‌లో పెట్టాలంటే ఏ లైసెన్సు కింద ఇస్తున్నదీ చెప్పాలి. ఒక లైసెన్సులో అమ్ముకోకూడదు, ఇంకోదానిలో మార్చకూడదు. మార్చకపోతే ఎలా? కేకుతో బోధపడని పిల్లకు మరోదానితో బోధపడుతుంది. అందుకని ఉదారమైనదే ఎంచుకుంది: నా పేరొక్కటి చెప్పండి, తక్కినది మీ ఇష్టం. దాని కింద పెద్ద అక్షరాలతో 'నన్ను అడగనక్కర్లేదు' అని రాసింది.

సెప్టెంబరులో బడి తెరిచీ తెరవగానే ఫోను మోగింది. ఓకి దీవిలో త్సుబోయి అనే కొత్త టీచర్.

"అడగనక్కర్లేదని రాశారు, చూశానండి. కానీ అడక్కుండా ఎలా వాడతామండీ?"

"వాడమ్మా. అందుకేగా రాసింది."

"అదేనండి, నిజంగానే అడగనక్కర్లేదా అని అడుగుదామని."

మర్నాడు పక్క ఊరి టీచర్లిద్దరు సూట్లు వేసుకుని మిఠాయి పెట్టెతో దిగారు. పెట్టె పుచ్చుకున్నాక బదులు పంపకపోతే మర్యాద కాదు. ఆమె టీపొడి పంపింది. టీపొడికి కృతజ్ఞతలు చెబుతూ వాళ్లు మళ్లీ ఫోను చేశారు.

"పొద్దుటినుంచీ మీకే ఫోన్లు. జ్వరమొచ్చిన పిల్లల తల్లులకి లైను దొరకట్లేదు," అన్నాడు వైస్ ప్రిన్సిపాల్ ఒరికాసా. పాపం మంచివాడు, పైగా పనిమంతుడు. కొంప మునిగింది అక్కడే. సాయంత్రానికల్లా, పాఠాలు కావాల్సిన బళ్లు నింపి పంపడానికి ఒక దరఖాస్తు ఫారం తయారుచేశాడు.

"అడగనక్కర్లేదంటుంటే దరఖాస్తు దేనికండీ?"

"అడగనక్కర్లేదని ధ్రువీకరించడానికే. మీ ముద్ర, నా ముద్ర, ప్రిన్సిపాల్ గారి ముద్ర. అంతే."

అంతవరకూ మొహమాటపడుతున్న బళ్లన్నిటికీ దారి దొరికింది. దరఖాస్తులు వచ్చి పడ్డాయి. ప్రిన్సిపాల్ మాత్రం పిల్లలతో విహారయాత్రకు వెళ్లి, తిరిగొచ్చి మంచమెక్కాడు.

మళ్లీ త్సుబోయి ఫోను. "తొందరపెట్టడం కాదండీ. మా బళ్లో భిన్నాలైపోయాయి. పాత పద్ధతిలోనే చెప్పేశాను. సగంమంది ఏడ్చారు."

"పాఠాలు నీ దగ్గరే ఉన్నాయి కదమ్మా."

"ఉన్నాయండీ. ముద్ర పడలేదు."

నొగామి టీచర్‌కు ఒళ్లు మండింది. ఆ పిల్లల కోసమే కదా ఇన్నాళ్లు గీసింది. ఇంటికి వెళ్తూనే కంప్యూటరు ముందు కూర్చుని, పేరు కూడా చెప్పనక్కర్లేని లైసెన్సు పట్టుకుంది. హక్కులన్నీ వదిలేసి, తన పేరూ బడి పేరూ చెరిపేసి, పాఠాలను వేరే చోట పెట్టింది. ఇప్పుడు ఎవర్ని అడుగుతారో చూద్దామనుకుంది.

ఫోన్లు ఆగిపోయాయి. పాఠాలు ఊరూరా తిరిగాయి. ఎక్కడో ఎవరో కేకు తీసేసి సోయాపాల టోఫు దిమ్మ గీశారు. అది ఇంకా బాగా కుదిరింది.

చలికాలం మొదట్లో ఒరికాసా ఆ టోఫు పాఠాలనే టీచర్ల సమావేశానికి తెచ్చాడు.

"ఎవరు గీశారో గానీ మహానుభావులు. నొగామి గారూ, ఏమీ అనుకోకండి, మీవాటికంటే ఒక మెట్టు పైనే."

"అయితే వాడేద్దామండీ."

"ఎవరివో తెలీకుండానా? వాళ్లని పట్టుకుని, అనుమతి తీసుకుని వాడదాం. అందాకా మీవి కూడా పక్కన పెట్టండి. మీరు వీటిని చూసి గీశారనుకుంటారు."

నావేనండీ అందామని ఆమె నోరు తెరిచింది. అంటే పేరొస్తుంది, పేరొస్తే ఫోనొస్తుంది, ఫోనొస్తే ముద్రలొస్తాయి. వచ్చేవారమే తన క్లాసులో భిన్నాలు మొదలు.

"నేను కనుక్కుంటానండి," అంది.

మర్నాడు పొద్దున్నే ఒరికాసా బల్ల ముందు నిలబడింది. "దొరికారండీ. నిక్షేపంగా వాడుకోమన్నారు. పేరు మాత్రం బయటపెట్టొద్దన్నారు."

ఒరికాసా ముఖం వెలిగిపోయింది. "చూశారా మరి, అడగబట్టే కదా ఇచ్చారు."

ఆ నెల భిన్నాలకు పిల్లలెవరూ ఏడవలేదు. నొగామి టీచర్‌కు మాత్రం ఏడుపొక్కటే తక్కువైంది.