పెండ్సే మాస్టారి వైఫై దొంగల వేట

సాంగ్లీలో ఆ ఉదయం మకరంద్ పెండ్సే పోహే తింటూనే ఒక నిర్ణయానికి వచ్చాడు. పదకొండు గంటలకు అతని భార్య సులభ ల్యాప్‌టాప్ ముందు కూర్చుని పాడాలి. పుణెలోని ఒక సంగీత సభవారు వింటారు. నచ్చితే గణేశోత్సవంలో కచేరీ ఇస్తారు. పిల్లల పెంపకంలో పక్కన పెట్టేసిన గొంతును ఆమె ఏళ్ల తరబడి మళ్లీ సానబెట్టుకుంది. మధ్యలో నెట్ తడబడితే ఆ శ్రమంతా వృథా. మకరంద్ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాడు. పరీక్షల పని మీద సోలాపూర్ వెళ్లి ముందురోజే తిరిగొచ్చాడు.

"నెట్ నత్తలా నడుస్తోంది. ఎవరో మన వైఫై వాడేస్తున్నారు. నీ పాట మొదలయ్యేలోగా అందర్నీ తరిమేస్తా," అన్నాడు.

"ఏమండీ, మీరు దాని జోలికి పోకండి. నాకు బాగానే వస్తోంది."

"పది నిమిషాల పని. నువ్వెళ్లి శ్రుతి చూసుకో."

ల్యాప్‌టాప్‌లో రౌటర్ పేజీ తెరిచాడు. కంపెనీ వాళ్లు పెట్టిన పాస్‌వర్డే పనిచేసింది. దాన్ని ఎప్పుడో మార్చినట్టు గుర్తు, కానీ మార్చకపోవడమే మేలైంది అనుకున్నాడు. వైఫైలో ఉన్నవాటి జాబితా కనబడగానే అతని ముఖం విప్పారింది.

"సులభా, ఇటు చూడు. ప్రతి పరికరానికీ పుట్టుకతో ఒక నంబరుంటుంది, స్కూటర్ ఛాసిస్ నంబరులాగా. అది మ్యాక్ అడ్రస్. ఐపీ అడ్రస్ అంటే ఇక్కడికొచ్చాక ఇచ్చే గది నంబరు. ఇందులో మనవి నీ ల్యాప్‌టాప్, నీ ఫోను. మరి మిగతావాళ్లంతా ఎవరు? బిల్డింగు బిల్డింగంతా మనింట్లోనే కాపురం పెట్టింది."

ఒకసారి ఆపి మళ్లీ వేద్దామని బీరువా మీదున్న రౌటర్ ప్లగ్గు పీకాడు. నెట్ ఆగలేదు.

"లోపల బ్యాటరీ ఉన్నట్టుంది. మంచి కంపెనీ," అని మెచ్చుకుని ప్లగ్గు అలాగే వదిలేశాడు.

ఆ తర్వాత తన నంబర్లు తప్ప ఇంకెవరినీ రానివ్వొద్దని రౌటర్‌కు ఆజ్ఞ వేశాడు. ల్యాప్‌టాప్ నంబరు తెర మీదే దొరికింది. ఫోన్ల నంబర్లు వాటి అట్టపెట్టెల మీద చూసి ఎక్కించాడు. ఈ కాలపు ఫోన్లు వైఫైలోకి వచ్చేటప్పుడు అసలు నంబరు దాచి మారు నంబరు చెబుతాయని అతనికి తెలియదు. చివరగా, తరిమేసినవాళ్లు మళ్లీ వచ్చి తలుపు తట్టకుండా రౌటర్ ఐపీ అడ్రసు కూడా మార్చేశాడు. ఆఖరి అంకెగా తమ పెళ్లిరోజు తేదీ పెట్టాడు.

కాసేపటికి తలుపు చప్పుడైంది. కింది ఇంటి బాపట్ వకీలు. పైన నల్లకోటు, మెడకు తెల్లపట్టీ, కింద గళ్ల పైజామా.

"మకరంద్, మీకు నెట్ వస్తోందా? కోర్టులో వాదిస్తూ ఉండగానే నా ముఖం బిగుసుకుపోయింది. నూతి కేసు, ఇవాళ నేను లేకపోతే ఆర్డరు అటువైపు వెళ్లిపోతుంది."

"మాకు బ్రహ్మాండంగా వస్తోంది కాకా. ఇప్పుడే దొంగల్ని ఖాళీ చేయించాను. మీకూ ఎవరో తగులుకుని ఉంటారు, తర్వాత వచ్చి చూస్తాను. ముందు ఇలా కూర్చోండి."

వకీలు ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. పైజామా బల్ల కిందికి పోయింది, నూతి గురించి వాదన పుంజుకుంది. అంతలో పట్టుచీరలో సులభ వచ్చి నిలబడింది.

"నేనెందులో పాడాలి?"

"నీ ఫోన్లో."

ఫోనుకు వైఫై దొరకలేదు. మామూలు సిగ్నలేమో ఆ ఇంట్లో వంటింటి కిటికీ దగ్గర ఒక గీత మాత్రం వస్తుంది. మకరంద్ ల్యాప్‌టాప్‌ను కాస్త తనవైపు తిప్పుకుని రౌటర్ పేజీ కోసం కొత్త అడ్రసు గుర్తు చేసుకుని కొట్టాడు. తెరుచుకోలేదు.

"ఏం నంబరు పెట్టారు?" అంది సులభ.

"మన పెళ్లిరోజు."

"పంతొమ్మిది."

అతను పంతొమ్మిది కొట్టాడు. అదీ తెరుచుకోలేదు. వకీలు వాదిస్తూనే ఇటు ఒక చెవి వేశాడు.

"అంటే మీరు పెట్టింది ఏ తేదీ?" అని ఆమె చాలా మెల్లగా అడిగింది.

"ఆ సంగతి సాయంత్రం మాట్లాడుకుందాం. ఒకే ల్యాప్‌టాప్‌లో ఇద్దరూ ఉండొచ్చు, నేను చూసుకుంటాగా," అన్నాడు మకరంద్.

సులభ వకీలు పక్కన కూర్చుని కళ్లు మూసుకుని తోడి రాగం ఎత్తుకుంది. నూతిలో సగం నీళ్లు ఎవరివో వకీలు గొంతు చించుకుని చెబుతుంటే ఆమె గాంధారం మీద నిలిచింది. అటువైపు జడ్జి గారు చెయ్యెత్తారు. వకీలు నోరు మూశాడు.

సరిగ్గా అప్పుడే వకీలు భార్య, అందరికీ పిన్నిలాంటి కుందా కాకు మెట్లెక్కి వచ్చింది.

"మా నెట్ పోయిందర్రా, మీకూ పోయుంటుందని చూడ్డానికొచ్చా. మకరంద్ సోలాపూర్‌లో ఉండగా రోడ్డు తవ్వినప్పుడు మీ తీగ తెగిందిగా, ఆ రోజు నుంచీ మీరు మా వైఫైలోనే కదా ఉన్నారు."

మకరంద్ బీరువా వైపు చూశాడు. పీకిన ప్లగ్గు గాలిలో వేలాడుతోంది. సులభ పాట ఆపలేదు గానీ ఒక కన్ను తెరిచింది. ఆ రోజు కాకు వచ్చి ల్యాప్‌టాప్‌లో, ఫోన్లో ఏదో నొక్కితే తమ నెట్టే బాగుపడిందని ఆమె ఇప్పటిదాకా అనుకుంది.

"అయితే మా ఇంట్లోంచి నన్ను గెంటేసి, దయ తలచి కూర్చోబెట్టావన్నమాట," అన్నాడు వకీలు.

జడ్జి గారు ఆలాపన పూర్తిగా విని, ఈ గొడవలో కేసు నడవదని వాయిదా వేశారు. నిజానికి వకీలుకు కావలసింది కూడా వాయిదానే. అతను కోటు విప్పి చంక కింద పెట్టుకుని, మకరంద్‌ను క్షమించినట్టు తలూపి కిందికి వెళ్లాడు.

నాలుగు రోజుల తర్వాత పుణె నుంచి ఫోను వచ్చింది. సులభను ఎంపిక చేశారు. పక్కన అంత కేకలు పెడుతున్నా శ్రుతి వెంట్రుకవాసి కూడా కదలలేదని, గణేశోత్సవం గోలలో పాడటానికి అలాంటి గొంతే కావాలని చెప్పారు. ఆమె ఫోను పెట్టేసి కళ్లు తుడుచుకుని, ముందు కుందా కాకుకి చెప్పడానికి కిందికి పరుగెత్తింది.

మకరంద్ మాత్రం తన ఏర్పాటు ఎంత పకడ్బందీదంటే ఇంటి యజమానికి కూడా ప్రవేశం దొరకలేదని స్టాఫ్ రూములో ఇప్పటికీ చెబుతుంటాడు.