పాపక్క భద్రపరిచిన చెవి

అక్షరాలు నా చేతికి ఆలస్యంగా వచ్చాయి. ఒత్తులు తప్పినా, కథ నిదానంగా నడిచినా చదివేవాళ్లు మన్నించాలి.

రెండువేల ఆరులో, బెంగళూరు హూడిలో ఒక వేసవి ఉదయం. దోసెపిండి రుబ్బి అమ్ముకునే పాపక్క ఆ పూట అనుకున్నది పెద్ద పనేమీ కాదు. బిందెలు నింపుకుని బియ్యం నానబెట్టాలి. కొళాయి మాత్రం దారప్పోగులా కారుతోంది. వీధంతా అదే గోల. నీళ్లు వదులుతున్నారు, ఇళ్లకు చేరడం లేదు. భూమిలో ఎక్కడో పైపు పగిలింది.

దాన్ని కనిపెట్టడానికి నీళ్ల ఆఫీసు నుంచి కిరణ్మయి అనే ఇంజనీరు వచ్చింది. రోడ్డు మీది వాల్వు గుంతలోకి దిగి, డబ్బాలాంటి సెన్సరును పైపుకు తగిలించింది. అడుగున అయస్కాంతం ఉండటంతో అది ఠక్కున అతుక్కుంది.

"ఇది చెవి లాంటిదక్కా. తెల్లవారకముందు, చడీచప్పుడు లేనప్పుడు పైపుకు అంటుకుని వింటుంది. లీకుంటే మా జీపులో కంప్యూటర్‌కు సిగ్నల్ ఇస్తుంది. ఈ వీధిలో లీకు దొరక్కపోతే సెన్సర్లన్నీ తీసేయమన్నారు మా సారు."

ఆ పిల్ల బురదలో మోకాళ్లు ఆనించి పనిచేస్తుంటే పాపక్కకు ముచ్చటేసింది. వెంటనే బెంగ కూడా పట్టుకుంది. ఆ గుంత మూత అంతకుముందే గుజరీ అంగడికి, పాత ఇనుము కిందకి చేరింది. ఈ చెవి మాత్రం ఎన్నాళ్లుంటుంది? సాయంత్రం చీకటి పడగానే దాన్ని ఊడబెరికి ఇంటికి తెచ్చింది. ఆ పిల్ల చెప్పినట్టే పైపుకు అంటించింది, కాకపోతే తన కొళాయి పైపుకు. చలి పెడుతుందేమోనన్నట్టు పైన పాత తువ్వాలు కప్పింది.

మర్నాడు జీపు వీధిలోకి రాగానే కంప్యూటర్ లీకుందని చూపించింది. వాల్వు గుంత పక్కన తవ్వారు. పొడిమట్టి. ఇంకా తవ్వారు. టెలిఫోను వైరు తెగింది. పాపక్క పక్కింటి మునినారాయణప్ప, పెరట్లో అరటిచెట్లు పెంచి అంతా తన చేతి చలవేనని చెప్పుకునే మనిషి, ఫోను మూగబోయిందని వచ్చి నిలబడ్డాడు.

"ఏమమ్మా, నీళ్లిస్తామని వచ్చి ఫోను పీకేస్తిరి. కరెంటు ఎప్పుడు పీకుతారు?"

తవ్వేవాళ్లకు కాఫీ పోస్తున్న పాపక్క ఊరుకోమని కసిరింది. "సుమ్మనుండప్పా. ఆ పిల్ల లెక్క తప్పదు."

కిరణ్మయి పై అధికారి భుజంగరావు వచ్చి గుంతలోకి తొంగిచూశాడు. "సెన్సర్ ఏదమ్మా?"

లేదు. కిరణ్మయి ముఖం పాలిపోయింది.

"గుజరీకి పోయింటాది. లీకు ఆ అంగట్లో ఉండాదేమో, ఆడ తవ్వండి" అన్నాడు మునినారాయణప్ప.

పాపక్క కాఫీ చెంబు కింద పెట్టింది. "యాడికీ పోలేదప్పా. మా ఇంట్లో భద్రంగా ఉండాది. పైపుకే కదా పెట్టినా."

అందరూ ఆమె ఇంటికి వెళ్లారు. తువ్వాలు తీయగానే పక్కనే గ్రైండరు కనిపించింది. భుజంగరావు నిట్టూర్చాడు.

"దోసెపిండి చప్పుడు విని రోడ్డు తవ్వామన్నమాట. ఇక చాలమ్మా. సాయంత్రానికి అన్నీ తీసేయండి."

పాపక్కకు కళ్లలో నీళ్లు తిరిగాయి. "నన్ను తిట్టు తల్లీ."

కిరణ్మయి తిట్టలేదు. "అక్కా, మీరు పిండి ఎప్పుడు రుబ్బుతారు?"

"మధ్యాన్నం."

"ఇది వినేది తెల్లవారకముందు సార్. అది పిండి చప్పుడు కాదు."

కిరణ్మయి వాల్వు తిప్పించి నీళ్లు వదిలించి, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని, నేలలోని చప్పుడు పట్టే మైకును రెండిళ్ల మధ్య గోడ వెంబడి నేలకు ఆనిస్తూ పోయింది. ఒకచోట ఆగింది. హెడ్‌ఫోన్ తీసి పాపక్క చెవులకు పెట్టింది. నేల లోపల, కాలిన పెనం మీద పిండి పోసినట్టు సుయ్యిమంటోంది.

అక్కడ తవ్వారు. గోడ కింద వీధి పైపు పగిలి, నీళ్లన్నీ అవతలి పక్కకు, మునినారాయణప్ప అరటిచెట్ల మొదళ్లలోకి పోతున్నాయి. సెన్సర్ రోడ్డు మీది గుంతలోనే ఉండి ఉంటే ఇంత దూరం వినేది కాదని భుజంగరావే ఒప్పుకున్నాడు. సెన్సర్లు ఉండిపోయాయి, ఈసారి మూతలతో సహా. వీధి కొళాయిలు నిండుగా పారాయి.

ఆ వేసవి నుంచి మునినారాయణప్ప చేతి చలవకు రోజూ రెండు బిందెలు పాపక్క కొళాయి నుంచే వెళుతున్నాయి.

వెంకటలక్ష్మి, అరవై ఎనిమిదేళ్లు, ప్రస్తుతం జిగణి.