సిలిండర్ సున్నా అయ్యే రోజు

మా వంశంలో డిగ్రీ చదివినవాణ్ని నేనొక్కణ్నే. ఆ సంగతి మా ఆవిడకు రోజూ గుర్తుచేస్తాను. ఆవిడ రోజూ మరిచిపోతుంది.

"ఏవండీ, రేపు మా నాన్న భోజనానికి వస్తున్నారు. ఇంకో సిలిండర్ తెచ్చిపెట్టండి."

మాది మూడో అంతస్తు. లిఫ్టు లేదు. నా నడుముకు ఇంతవరకూ ఏమీ కాలేదు, అదే నా భయం.

అందుకే ముందుగానే లెక్క సిద్ధం చేసుకున్నాను. కొత్త సిలిండర్ పెట్టిన రోజు నుంచీ వారానికోసారి దాన్ని కౌగిలించుకుని బరువు మిషను ఎక్కాను. నా బరువు తీసేస్తే మొదట ఇరవై తొమ్మిది కిలోలు. ఆపైన వారానికి మూడున్నర చొప్పున తగ్గింది. గ్రాఫు గీస్తే గీత దారం లాగినట్టు దిగి, యాభై ఎనిమిదో రోజున ఎక్స్ అక్షాన్ని తాకింది.

"చూశావా? ఈ బిందువు దగ్గర సున్నా. ఇంకా నెల రోజులుంది."

"ఆ సంగతి సిలిండర్‌కు తెలుసా?"

"లెక్క తప్పదే!"

మర్నాడు మామగారు వచ్చారు. ముప్ఫై ఏళ్లు లెక్కలు చెప్పిన మాస్టారు. పెళ్లికి ముందు నన్ను పదిహేడో ఎక్కం అడిగారు. ఆ చెమట ఇంకా ఆరలేదు.

బంగాళాదుంపలు సగం ఉడికాయి. మంట చిటికెన వేలంత అయింది. నా గుండె అంతకన్నా చిన్నదైంది. సిలిండర్‌ను ఊపాను, బతిమాలాను. మంట ఒక్కసారి నీలంగా చూసి కన్నుమూసింది.

వెనక్కి తిరిగితే గుమ్మంలో మామగారు. చేతిలో నా గ్రాఫు.

"అల్లుడుగారూ, గీత ఇక్కడ తాకితే ఏం జరుగుతుంది?"

"గ్యాస్... అయిపోతుందండీ."

"గ్యాస్ ఒక్కటేనా? మీ బరువు తీసేశారు, బాగానే ఉంది. మరి ఖాళీ సిలిండర్ బరువు పదిహేను కిలోలు ఎవరు తీస్తారు? మీ లెక్కన యాభై ఎనిమిదో రోజుకు ఇనుము కూడా మండిపోవాలి!"

మా ఆవిడ నవ్వలేదు. అది ఇంకా భయంకరం.

"నిన్న మీ లెక్క చూడగానే నేను గ్యాస్ వాళ్లకు ఫోన్ చేశానండీ. నిండు సిలిండర్ కింద వాచ్‌మన్ గదిలో ఉంది. మోసుకురండి."

"నువ్వు ముందే చెప్పొచ్చుగా?"

"డిగ్రీ చదివినవారికి నేను చెప్పేదేముంది?"

దాన్ని భుజానికెత్తుకుని మెట్లెక్కడం మొదలుపెట్టాను. పైనుంచి మామగారి గొంతు వినిపించింది.

"మెట్టుమెట్టుకూ ఊపిరి ఎంత తగ్గుతోందో చెప్పండి అల్లుడుగారూ! ఎక్కడ సున్నా అవుతుందో నేను చూస్తాను."

రెండో అంతస్తు దగ్గర కూర్చుండిపోయాను.

"ఇక్కడేనండీ," అన్నాను.